యాత్ర, బంధువర్గము, పేర్ల పుస్తకము: నందిగామ, జగ్గయ్యపేట మెట్ట నుండి ఐరోపాలోని మోర్మను ఆలయముల వరకు

2019వ సంవత్సరము వేసవిలో మా సంఘ సభ్యులైన ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, ఆయన భార్య ఐరోపా వెళ్లి వచ్చారు. పర్యాటక సంస్థ ఏదీ వారిని తీసుకొనిపోలేదు. చెరొక సంచి వీపున తగిలించుకొని, రైళ్లలోను, బస్సులలోను తిరిగి, సాధ్యమైనంత వరకు చుట్టాల ఇళ్లలోనే బస చేశారు. జర్మనీలో మాస్టారి అన్నగారి మనుమడు ఉద్యోగము చేస్తున్నాడు. ఇంగ్లండులో అమ్మగారి చెల్లెలి కూతురు నర్సుగా ఉన్నది. ఆవకాయ జాడీ ఒకటి విమానాశ్రయములో పోయినదని అమ్మగారు ఇప్పటికీ చెప్పుకొంటారు. అయితే వారు మాతో పంచుకొన్న సంగతులలో మమ్మును ఆలోచింపజేసినది ఆవకాయ కాదు.

హైదరాబాదులో పెరిగిన ఆ మనుమడు యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘమునకు, అనగా లోకము మోర్మను సంఘము అని పిలిచే దానికి చెందినవాడు. తూర్పు జర్మనీలోని ఫ్రైబర్గ్ పట్టణమునకు అతడు పెద్దవారిని తీసుకొనివెళ్లాడు. అక్కడ వారి ఆలయమున్నది. పెద్దవారు తోటలో బల్ల మీద కూర్చున్నారు, అతడు లోపలికి వెళ్లాడు. సభ్యులు కాని వారికి, సభ్యులైనను యోగ్యతా పత్రము లేని వారికి, ప్రతిష్ఠ జరిగిన ఆలయములోనికి ప్రవేశము లేదు. సుమారు రెండు గంటల తరువాత బయటికి వచ్చి, మన ముత్తాతల పేర్లు, వారు పుట్టిన ఊరు, సంవత్సరము మీకు తెలుసునా అని అడిగాడు. వారి పక్షముగా తాను ఆ ఆలయములో బాప్తిస్మము పొందదలచాడట. మాస్టారు జూన్ నెలలో తిరిగివచ్చి, మన పాత బాప్తిస్మ రిజిస్టరు ఒకసారి చూపించండి అయ్యగారూ అని మా గుమ్మములో నిలబడ్డారు.

ఈ వ్యాసము ఆ అడుగుట నుండి పుట్టినది. సిద్ధాంత ఖండన గ్రంథములు మన గ్రంథాలయములలో చాలినన్ని ఉన్నవి. మేము ఇక్కడ చూడదలచినది చరిత్ర. పవిత్ర స్థలమునకు ప్రయాణము, దారిలో చుట్టాల ఇళ్లు, ఆ స్థలములో పూర్వికుల పేర్లు: ఈ మూడును మన మెట్ట ప్రాంతములో ఏ విధముగా ముడిపడి ఉన్నవి? ఆ ముడిలోనికి మోర్మను సంఘము ఎట్లు వచ్చి చేరినది? 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన ఎన్టీఆర్ జిల్లాలో మన మండలములు చేరినప్పటికీ, ఇక్కడి చరిత్ర అంతయు కృష్ణా జిల్లా పేరు మీదనే వ్రాయబడినది గనుక మేమును ఆ పేరునే వాడుతున్నాము.

ధనంబోడు మీది కుటుంబము

జగ్గయ్యపేట అనే పేరు పాతది కాదు. బేతవోలు అనే గ్రామమును వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు పేటగా అభివృద్ధి చేసి తన తండ్రి జగ్గన్న పేరు పెట్టాడు. అంటే ఊరి పేరే ఒక తండ్రి జ్ఞాపకము. అయితే ఊరి పక్కనున్న ధనంబోడు కొండ మీద దానికంటె పదిహేను వందల ఏండ్లు ముందటి జ్ఞాపకము ఒకటి ఉన్నది. 1882లో జేమ్స్ బర్జెస్ ఆ బౌద్ధ స్తూపమును త్రవ్వించి చూసినప్పుడు ఆయక స్తంభముల మీద ప్రాకృత శాసనములు బయటపడినవి. ఇక్ష్వాకు రాజైన వీరపురుషదత్తుని ఇరువదవ పాలనా సంవత్సరములో, అనగా క్రీస్తు శకము మూడవ శతాబ్దములో, సిద్ధార్థుడు అనే శిల్పాచారి మహాచైత్యపు తూర్పు ద్వారమున ఐదు ఆయక స్తంభములు నిలిపినట్లు వాటిలో ఉన్నది.

మేము ఆ శాసనపు అనువాదమును మొదటిసారి చదివినది సెమినరీ విద్యార్థిగా ఉన్న రోజులలో. అప్పుడు రాజు పేరును, సంవత్సరమును మాత్రమే పరీక్ష కొరకు గుర్తు పెట్టుకొన్నాము. ఇప్పుడు చదివితే కంటికి ఆనేది వేరు. సిద్ధార్థుడు తన దానమును ఒంటరిగా చెప్పుకోలేదు. కమ్మకరాష్ట్రములోని తన తండ్రి ఊరు చెప్పాడు, తాను నివసించే ఊరు వేరుగా చెప్పాడు. తండ్రి నాకచందుడు, తల్లి నాగిలని అని పేర్లు వేశాడు. ఆ తరువాత భార్య, బిడ్డలు, తమ్ముడు, తమ్ముని సంసారము, అందరిని ఆ పుణ్యములో భాగస్థులను చేశాడు. పుట్టిన ఊరు విడిచి పని వెదకుకొంటూ వచ్చిన ఒక చేతిపనివాడు, పరాయి ఊరి కొండ మీద తన ఇంటివారి పేర్లన్నిటిని రాతిలో చెక్కించుకొన్నాడు. ఆడవారిని ఫలానావాని భార్య అని వదలివేయలేదు, పేరు పెట్టి చెక్కించాడు. మా రిజిస్టర్లలో ఆ మర్యాద అన్ని చోట్ల కనబడదని ఇక్కడే ఒప్పుకొంటున్నాము.

ఆ కొండకు వచ్చిన యాత్రికులు పోయారు, శిల్పములలో మంచివి మద్రాసు మ్యూజియమునకు చేరినవి, యాత్ర మాత్రము ఆగలేదు. మునేటి ఒడ్డున పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్లకు, కృష్ణ ఒడ్డున వేదాద్రికి, ముక్త్యాలకు, బెజవాడ దుర్గ గుడికి మెట్ట జనము నడిచి, బండ్లు కట్టుకొని వెళ్లుట తరతరాల అలవాటు. ఇందులో గమనించవలసిన సంగతి ఒకటి గలదు. ఎవరును దేవుని దగ్గరకు నేరుగా వెళ్లరు. మధ్యలో మేనమామ ఊరు తగులుతుంది, ఆడపడుచు ఊరు తగులుతుంది, అక్కడొక రాత్రి, ఇక్కడొక పూట. సంబంధములు మాటలాడుకొనేది, పాత బాకీలు అడిగేది, తగవులు తీర్చుకొనేది అన్నియు ఆ ప్రయాణములోనే. వాగు పొంగితే రెండు రోజులు ఆగవలసినదే. తిరునాళ్ల అనేది దేవుని పేరిట చుట్టాల సమావేశము కూడా.

దూరపు యాత్రలలో పేర్లకు ఇంకా పెద్ద పీట ఉండేది. ఏనుగుల వీరాస్వామయ్య 1830, 1831 సంవత్సరములలో మద్రాసు నుండి కాశికి వెళ్లివచ్చి వ్రాసిన కాశీయాత్ర చరిత్ర మనకున్నది. గయలో పితరులకు పిండము పెట్టుట ఆ కాలపు యాత్రికుని ముఖ్య కార్యములలో ఒకటి. ఉత్తరాది తీర్థములలో పండాలు యాత్రికుల వంశముల పేర్లను పుస్తకములలో వ్రాసి పెట్టుకొంటారు. తాత వచ్చిన సంవత్సరమును మనుమడు అక్కడ చదువుకొనవచ్చును. అయితే ఆ పుస్తకములలో మాలలు, మాదిగలు ఎక్కడ? గుడి గడప దాటనివ్వని వారి పేర్లు గుడి పుస్తకములోనికి ఎక్కుట అరుదు. మన సంఘములలో నూటికి తొంబది మంది పూర్వికుల పరిస్థితి ఇదే. ఈ మాటను పాఠకులు మనసులో ఉంచుకోవాలని కోరుచున్నాము, మాస్టారి ప్రశ్న అంతయు దీని మీదనే ఆధారపడి ఉన్నది.

రాఘవాపురము నుండి బెజవాడకు

1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ అనే సి.ఎం.ఎస్. మిషనెరీలు మచిలీపట్నము చేరారు. నోబుల్ బడి ఉన్నత కులముల పిల్లలను ఉద్దేశించినది. పట్నములో పై నుండి మొదలు పెడితే క్రిందికి దిగివస్తుందని ఆనాటి ఆశ. సువార్త వచ్చిన దారి మాత్రము వేరు. మెట్టలో, నందిగామ దగ్గరి రాఘవాపురము మాలపల్లె నుండి, ఒక మనిషి తానే వెదకుకొంటూ బయలుదేరాడు.

పాగోలు వెంకయ్య చరిత్ర మన పాఠకులకు క్రొత్త కాదు. దేహబలమునకు, మొండితనమునకు పేరుపడిన మనిషి. విగ్రహములు నిజమైన దేవుడు కాదనే మాట 1849 ప్రాంతములో అతని చెవిన పడినది. అప్పటి నుండి పదేండ్లు, పేరు తెలియని ఆ దేవునికి, నీవెవరవో నాకు కనబడుమని ప్రార్థించాడు, తన వారికి నేర్పించాడు. ఆ తరువాత బెజవాడలో ఉన్న టి. వై. డార్లింగ్ అనే మిషనెరీని కలిసికొన్నాడు. 1859లో రాఘవాపురములో బాప్తిస్మములు జరిగినవి. మన సంఘములలో చెప్పుకొనే కథలో బెజవాడ కృష్ణ రేవు, స్నానముల పండుగ కూడా వస్తాయి. నదిలో మునుగుటకు వెళ్లినవాడు మరొక స్నానపు వార్త విని వచ్చాడని పెద్దలు చెప్పేవారు.

మేము ఈ కథను చిన్నప్పుడు ఎన్నోసార్లు విన్నాము. ప్రసంగములలో ఎప్పుడును వెంకయ్యను ఒంటరి అన్వేషకునిగా చూపేవారు. చరిత్రను శ్రద్ధగా చూస్తే అతడు ఒంటరివాడు కాడు. డార్లింగు దగ్గరకు వెళ్లినది బంధువులను వెంటబెట్టుకొని. రాఘవాపురము నుండి బెజవాడ యాభై కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. ఇప్పుడు జాతీయ రహదారి మీద గంట ప్రయాణము. ఆనాడు మాలలకు ఊరి మధ్య నడిచే హక్కు లేదు, సత్రములో చోటు లేదు, ఊరి బావిలో నీరు లేదు. దారిలో తల దాచుకొనేందుకు ఉన్నది చుట్టాల పల్లెలే. మాలపల్లె నుండి మాలపల్లెకు వేసిన ఆ దారి ఏ సర్కారు పటములోను లేదు. పెండ్లిండ్లు వేసిన దారి అది.

వెంకయ్య తిరిగివచ్చిన తరువాత కూడా ఆ దారినే వాడాడు. జీతము లేని సువార్తికునిగా 1891లో మరణించేవరకు ఊరూరా తిరిగాడు. ఏ ఊరిలో నిలబడినా ముందు చుట్టరికము కలుపుకొని, ఆ తరువాతనే వాక్యము చెప్పి ఉంటాడని ఊహించుటకు మెట్ట మనుషులను ఎరిగినవారికి కష్టము లేదు. ఒక పల్లెలో బాప్తిస్మములు జరిగితే వియ్యాలవారి పల్లెలో కదలిక పుట్టేది. ఇది సిద్ధాంతమై పుస్తకములకెక్కినది చాలా ఆలస్యముగా. జె. వాస్కమ్ పికెట్ 1933లో భారతదేశములోని సామూహిక ఉద్యమములపై తన పరిశోధనను ప్రచురించాడు. డొనాల్డ్ మెక్‌గావ్రన్ 1955లో బంధుత్వములే దేవుని వంతెనలని వాదించాడు. మా అభిప్రాయములో ఆ వంతెనలను కట్టినది ఏ మిషనెరీ సంస్థయు కాదు, మన మేనరికములు.

ఈ ఉద్యమముతో పాటు మెట్టలోనికి ఒక క్రొత్త వస్తువు వచ్చినది. అది బాప్తిస్మ రిజిస్టరు. పేరు, తండ్రి పేరు, ఊరు, వృత్తి, తేదీ. అనేక కుటుంబములకు సంబంధించి, వెట్టి లెక్కలలో గాక, మనిషిగా తాత పేరు వ్రాయబడిన మొదటి కాగితము అదే. ధనంబోడు మీద శిల్పాచారికి దొరికిన గౌరవము మాలపల్లెకు పదహారు వందల ఏండ్ల తరువాత దొరికినది, రాతి మీద గాక చెదలు తినే కాగితము మీద.

మద్రాసులో విఫలము, హైదరాబాదులో సఫలము

మోర్మను సంఘమును జోసెఫ్ స్మిత్ 1830 ఏప్రిల్ 6న అమెరికాలో స్థాపించాడు. దాని మిషనెరీలు ఇరవై ఏండ్లకే మన దేశము చేరారని చాలామందికి తెలియదు. 1850వ దశకము ఆరంభములో కలకత్తాలో పని మొదలైనది. 1853, 1854 సంవత్సరములలో రిచర్డ్ బాలంటైన్ మద్రాసులో ఉండి పత్రిక కూడా నడిపాడు. అది దాదాపుగా వెంకయ్య తన పేరు తెలియని దేవునికి ప్రార్థిస్తున్న కాలమే. బాలంటైన్ ఇంగ్లీషులో బోధించాడు. ఇంగ్లీషు వచ్చిన కొద్దిమంది విన్నారు, అంతకంటె తక్కువమంది చేరారు. ఏడాది తిరిగేసరికి ఆయన వెళ్లిపోయాడు. ఆయన ఉత్సాహములో లోపమున్నదని మేము అనుకోము. ఆయనకు ఈ దేశములో మేనమామలు లేరు.

సుమారు నూట ఇరవై ఐదేండ్ల తరువాత అదే సంఘము తెలుగువారి మధ్య వేళ్లూనిన విధానము దీనికి పూర్తిగా భిన్నము. ఎడ్విన్ ధర్మరాజు కీటకశాస్త్రవేత్త. ఉద్యోగరీత్యా పసిఫిక్ ద్వీపమైన సమోవాలో ఉన్నప్పుడు ఆయనయు భార్య ఎల్సీయు మోర్మను సంఘములో చేరారు. చేరిన తరువాత వారికి కలిగిన ఆరాటము ఇంటివారిని గూర్చి. 1978 డిసెంబరులో సంఘము వారిని కొద్దికాలపు మిషనెరీలుగా హైదరాబాదు పంపగా, సొంత బంధువర్గములో 22 మంది బాప్తిస్మము పొందారు. ఎల్సీ తండ్రి బాప్టిస్టు పాస్టరు. మోర్మను గ్రంథమును తెలుగు చేయు పని ఆయనకే అప్పగింపబడినది. ఎంపిక చేసిన భాగములు 1982లో తెలుగులో వచ్చినవి. బాప్టిస్టు పాస్టరు గారి తెలుగు గనుక, మన బైబిలు భాషకు అలవాటుపడిన చెవికి అది పరాయిదిగా వినబడకపోవుట సహజము.

ఆ ఇరవై ఇద్దరి నుండి పెరిగిన సంఘము 2012 మే నెలలో హైదరాబాదులో భారతదేశపు మొదటి స్టేకుగా ఏర్పడినది. మన వాడుకలో చెప్పాలంటే డయోసిస్‌కు చిన్నది, పాస్టరేటుకు పెద్దది. ఇది పరదేశి ధనముతో వచ్చిన గాలి అని మన వేదికల మీద వినబడే వివరణ చరిత్రకు నిలువదు. ధర్మరాజు దంపతులు చేసినది వెంకయ్య చేసినదే. దూరదేశములో దొరికిన దానిని మూటకట్టుకొని చుట్టాల ఇంటికి తెచ్చారు. మూటలో ఉన్నదానిని గూర్చి మాకు గట్టి అభ్యంతరములున్నవి. తెచ్చిన దారిని నిందించుటకు మాత్రము మనకు నోరు లేదు, మనమును ఆ దారినే వచ్చినవారము.

ఆలయమునకు దారి

మోర్మనులకు ఆదివారపు ఆరాధన మందిరము వేరు, ఆలయము వేరు. మందిరములోనికి ఎవరైనను వెళ్లవచ్చును. ఆలయములో భార్యాభర్తలను నిత్యత్వమునకు ముద్రించుట, పిల్లలను తల్లిదండ్రులతో ముద్రించుట, మృతుల పక్షముగా బాప్తిస్మము పొందుట మొదలైనవి జరుగును. కుటుంబము మరణము తరువాత కూడా కుటుంబముగా నిలుచుట దాని మీద ఆధారపడి ఉన్నదని వారి నమ్మకము. అందువలన ఆలయమునకు ప్రయాణము వారికి విహారము కాదు.

ఐరోపాలో వారి మొదటి ఆలయము స్విట్జర్లాండులోని బెర్న్ దగ్గర 1955 సెప్టెంబరు 11న ప్రతిష్ఠింపబడినది. అనేక భాషలవారు రావలసిన చోటు గనుక ఆరాధనా క్రమమును చలనచిత్రముగా తీసి వేర్వేరు భాషలలో వినిపించే పద్ధతిని అక్కడ ప్రవేశపెట్టారు. 1958లో లండనుకు దక్షిణముగా రెండవది వచ్చినది. తూర్పు జర్మనీ విశ్వాసులకు ఈ రెండును అందనివి. 1961లో బెర్లిను గోడ లేచిన తరువాత బెర్న్ వెళ్లే దారి మూసుకొన్నది. కుటుంబమంతా కలిసి వెళ్లుటకు అనుమతి అడిగితే దొరికేది కాదు. చివరకు, బయటికి పోవుట ఎందుకు, ఇక్కడే కట్టుకొనుడని ప్రభుత్వ అధికారులే సూచించారు. అట్లు 1985 జూన్ నెలలో, కమ్యూనిస్టు ప్రభుత్వము క్రింద ఉన్న దేశములో, ఫ్రైబర్గ్ ఆలయము లేచినది. మాస్టారు కూర్చున్న తోట దానిదే. అదే ఊరిలో పాత లూథరను కెతీడ్రలును, 1714 నాటి జిల్బర్మన్ ఆర్గనును ఆయన చూచివచ్చారు. వాటిని వర్ణించేటప్పుడు ఆయన కండ్లలో కనబడిన వెలుగు ఆలయమును గూర్చి చెప్పేటప్పుడు కనబడలేదు. ఎంతైనా ఆ తలుపు ఆయనకు తెరవబడలేదు కదా.

మన దేశపు మోర్మనులది కూడా కొంతవరకు ఆ తూర్పు జర్మనుల పరిస్థితే. దారికి అడ్డము గోడ కాదు, డబ్బు. హాంగ్‌కాంగు వంటి పరదేశ ఆలయములకు ఇల్లంతా కలిసి విమానములో వెళ్లవలసి వచ్చేది. జీవితములో ఒకసారి వెళ్లుటకు ఏండ్ల తరబడి పొదుపు చేసేవారు. బెంగళూరులో ఆలయము కట్టుదుమని 2018 ఏప్రిల్ 1న ప్రకటన వచ్చినది, 2020 డిసెంబరు 2న భూమి త్రవ్వు కార్యక్రమము జరిగినది. ఐరోపాలోను, అమెరికాలోను ఉద్యోగములు చేసే తెలుగు పిల్లలకు మాత్రము ఆలయములు రైలు దూరములోనే ఉన్నవి. అందుకే సెలవులలో వీపు సంచితో ఆలయములు చుట్టి, దారిలో పెదనాన్న కొడుకు దగ్గర ఒక రాత్రి, పిన్ని దగ్గర రెండు రోజులు గడుపుట వారికి వాడుక అయినది. తిరుపతమ్మ తిరునాళ్లకు నడిచిన తాతల మనుమలు వీరు.

తాతకు మరల బాప్తిస్మమా?

ఇప్పుడు రిజిస్టరు సంగతికి వస్తాము. మృతుల పక్షముగా బాప్తిస్మమును జోసెఫ్ స్మిత్ 1840లో బోధించాడు. ఆధారము 1 కొరింథీయులకు 15:29. ఈ వచనము వ్యాఖ్యాతలను చాలా ఇబ్బంది పెట్టినది. పౌలు ఆ వాడుకను ప్రస్తావించాడేగాని ఆజ్ఞాపించలేదు. పునరుత్థానమును కాదనేవారిని వారి వాడుకతోనే ప్రశ్నించాడని మనము బోధిస్తాము. నాల్గవ శతాబ్దపు యోహాను క్రిసోస్తోము ఈ వచనమును వివరిస్తూ మార్సియోను అనుచరుల వాడుక ఒకటి చెప్పాడు. బాప్తిస్మము పొందక చనిపోయినవాని మంచము క్రింద బ్రదికియున్నవానిని దాచి, మృతుని అడిగిన ప్రశ్నకు వానితో జవాబు చెప్పించేవారట. క్రిసోస్తోము దీనిని పరిహాసముగానే చెప్పాడు. మోర్మను ఆచారము దానితో సమానమని అనుట న్యాయము కాదు. మృతుడు ఆత్మలోకములో దానిని అంగీకరించవచ్చును, నిరాకరించవచ్చును అని వారు స్పష్టముగా చెబుతారు.

ఈ నమ్మకము వలననే వారు లోకమంతటి వంశావళులను సేకరిస్తున్నారు. 1938 నుండి మైక్రోఫిల్ము తీస్తూ వచ్చారు. హరిద్వారములోని పండాల పుస్తకములు సహితము వారి సేకరణలో ఉన్నవి. ఇది అందరికీ సమ్మతము కాలేదు. నాజీల చేతిలో చనిపోయిన యూదుల పేర్లకు బాప్తిస్మమిచ్చుటపై అభ్యంతరము రాగా 1995లో యూదు సంస్థలతో ఒప్పందము చేసికొన్నారు. మోర్మను బాప్తిస్మము చెల్లదని 2001లో ప్రకటించిన రోము సంఘము, తన విచారణల రిజిస్టర్లను వారికి అప్పగించవద్దని 2008లో డయోసిస్‌లకు తెలియజేసినది.

మా దగ్గర అటువంటి ఉత్తరువు ఏదియు లేదు. ఉన్నది ఒక పాత బీరువా. మేము పని చేసిన ఒక సంఘములో అది వంటగదిలో ఉండేది, దాని పైన బియ్యపు బస్తాలు. రిజిస్టర్లు నాలుగు. మాస్టారు, మేము రెండు సాయంకాలములు వెదకి ఆయన ముత్తాత వరుసను కనుగొన్నాము. పేరు, తండ్రి పేరు, ఊరు, బాప్తిస్మపు తేదీ, ఇచ్చిన అయ్యగారి సంతకము. భార్యకు పేరు లేదు, ఇతని భార్య అని మాత్రమే ఉన్నది. మాస్టారు చాలాసేపు ఆ వరుస మీద వ్రేలు ఉంచారు.

ఆ ఆదివారము మాస్టారి అక్కగారు ఆరాధన అయిన తరువాత మమ్మును ఆపి, "ఏంది అయ్యగారూ, మా తాతకి మళ్లీ బాప్తిస్మమేంది? బాప్తిస్మం తీసుకున్నాడని కూలి మాన్పించారంట, బావి మూసేశారంట. అది లెక్కలోకి రాదంటనా?" అని అడిగారు. సెమినరీలో మేము నేర్చుకొన్న ఏ ఖండనయు ఇంత సూటిగా లేదు. యాజకత్వపు అధికారము లోకములో నుండి తీసివేయబడి స్మిత్ ద్వారా మరల వచ్చినదని మోర్మనుల బోధ. ఆ లెక్కన 1859 రాఘవాపురపు బాప్తిస్మము మొదలుకొని మన పితరులందరి బాప్తిస్మములు చెల్లనివి. అక్కగారు మోర్మను గ్రంథము చదవలేదు. ఆ బోధ తన ఇంటి గడప దగ్గర ఎక్కడ తగులుతుందో ఆమెకు తెలిసినది.

మరొక ప్రక్క, ఆ పిల్లవాని కోరికను తేలికగా తీసివేయుటకును మాకు మనసొప్పలేదు. మన యువకులలో ఎంతమందికి ముత్తాత పేరు తెలుసును? రిజర్వేషను, సర్టిఫికెట్టు తగవుల భయముతో తాతల పేర్లనే మాట్లాడని ఇండ్లు ఉన్నవి. మాలపల్లె నుండి బయటపడిన తరువాత మాలపల్లె తాతను మరచిపోయినవారు ఉన్నారు. ఈ పిల్లవాడు జర్మనీలో కూర్చొని ఆ తాతను వెదకుచున్నాడు. వెదకి ఏమి చేయదలచాడో అది తప్పని మా నమ్మకము. వెదకుట మాత్రము మేము నేర్పవలసినది, నేర్పలేదు.

సంఘ పెద్దలు రెండుసార్లు కూడుకొన్నారు. మొదటిసారి మాటలు పెరిగినవి. రెండవసారి తీర్మానము జరిగినది. రిజిస్టరును ఏ సంస్థకును ఫోటో తీయనివ్వరాదు. కుటుంబపు వరుసను ఆ కుటుంబము అడిగితే కాదనరాదు, అది వారి సొత్తు. నకలు క్రింద, ఈ పురుషుడు తండ్రి కుమార పరిశుద్ధాత్మ నామమున బాప్తిస్మము పొందియున్నాడు అని వ్రాసి మేము సంతకము చేసి మాస్టారికి ఇచ్చాము. ఆ చివరి వాక్యము వ్రాయవలెనని పట్టుబట్టినది అక్కగారే.

2023 జనవరిలో సంక్రాంతి సెలవులకు ఆ పిల్లవాడు వచ్చాడు. మర్యాదస్థుడు. మా ఇంట టీ ఇచ్చినప్పుడు, వద్దండి, మేము త్రాగము అని పాలు అడిగి త్రాగాడు. అతనిని ధనంబోడు మీదికి తీసుకొనివెళ్లి సిద్ధార్థుని కుటుంబపు సంగతి చెప్పాము. మరునాడు రాఘవాపురము వెళ్లాము. దారిలో అక్కగారు కారు వెనుక సీటులో నుండి, తాత పేరు అక్కడ ఇచ్చావా అని అడిగారు. ఇంకా ఇవ్వలేదు పెద్దమ్మా, మీరందరూ ఒప్పుకుంటేనే అని అతడు చెప్పాడు. నూట పది ఏండ్ల లోపు పుట్టినవారి విషయములోనే దగ్గరి బంధువుల అనుమతి కావాలని వారి నియమము, ఈ ముత్తాత అంతకంటె చాలా ముందటివాడు. కనుక అతడు అడుగనక్కరలేదు. అడుగుచున్నాడు. అక్కగారు ఒప్పుకోలేదు, ఇప్పటివరకును.

తిరిగివెళ్లే ముందు అతడు ముత్తవ్వ పేరు అడిగాడు. రిజిస్టరులో లేదని చెప్పాము. అక్కగారు కాసేపు ఆలోచించి ఒక పేరు చెప్పారు, ఆమె తల్లి చెప్పగా విన్నదట. రిజిస్టరు అంచున, సిరాతో గాక పెన్సిలుతో, ఆ పేరును, చెప్పినవారి పేరును, తేదీని వ్రాసి ఉంచాము. బీరువా ఇప్పుడు వంటగదిలో లేదు. మూడవ రిజిస్టరులో మొదటి పుటలను చెదలు తినివేసినవి, అందులో ఏ ఇండ్లవారు ఉన్నారో తెలిసికొనుటకు సంఘములోని ముసలివారి ఇండ్లకు ఒక్కొక్కరి దగ్గరకే వెళ్లుచున్నాము.